హౌస్ మోషన్ రాత్రికి ముందే: ఉరిశిక్ష కేసు చేపట్టే హైదరాబాద్ వకీళ్లకు

ఉరి ఆపడం అనగానే అందరి కళ్ల ముందూ ఒకటే దృశ్యం: తెల్లవారితే ఉరి, అర్ధరాత్రి జడ్జి ఇంటి గుమ్మంలో ఫైలు పట్టుకుని నిలబడ్డ వకీలు. కోర్టు మూసిన వేళ జడ్జి ఇంటికే వెళ్లి అత్యవసరంగా వినమని అడిగే దీన్నే హౌస్ మోషన్ అంటారు. అలాంటి రాత్రులు నిజంగానే ఉన్నాయి. నోయిడా దగ్గరి నిఠారీ హత్యల కేసు ఖైదీకి మీరట్ జైల్లో ఉరికి అంతా సిద్ధమయ్యాక, 2014 సెప్టెంబర్ 8న అర్ధరాత్రి దాటాక సుప్రీంకోర్టు వారం రోజులు ఆపింది. 2015 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. 2025 నవంబర్‌లో చివరి కేసు కూడా క్యూరేటివ్ పిటిషన్‌లో (రివ్యూ కూడా పోయాక మిగిలే ఆఖరి పిటిషన్) కొట్టేశారు, మనిషి నిర్దోషిగా బయటికొచ్చాడు. ఆ రాత్రి స్టే రాకపోయి ఉంటే విడుదల చేయడానికి మనిషే ఉండేవాడు కాదు.

అయితే ఆ రాత్రి చేతిలో ఉండే ఫైలు ఆ రాత్రి తయారయ్యేది కాదు. సెషన్స్ కోర్టు దోషి అని చెప్పిన రోజు నుంచి పోగేసిన తేదీలు, రశీదులు, బడి రిజిస్టర్ జిరాక్సులు అందులో ఉండాలి. ఉరి కేసులో పనంతా ఆ పోగేయడమే. తెలంగాణలో ఇలాంటి కేసు మొదటిసారి చేతికొచ్చిన వాళ్లను, ముఖ్యంగా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ మీద ఉన్న జూనియర్లను ఉద్దేశించి ఇది రాస్తున్నాం.

దోషి అన్న రోజు

నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం; ఇక్కడ చట్టం పేరు లేకుండా చెప్పే సెక్షన్లు దీనివే) 258(2) ప్రకారం శిక్ష మీద విడిగా వినాలి. 393(3) ప్రకారం ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి. 1980 నాటి బచన్ సింగ్ తీర్పు అరుదైన వాటిలో అత్యంత అరుదైన కేసు అయి ఉండాలంది, నేరంతో పాటు నేరస్థుణ్ణీ చూడమంది. చాలా కోర్టుల్లో జరిగేది మాత్రం ఇంకోటి. పొద్దున దోషి అంటారు, మధ్యాహ్నం శిక్ష మీద ఏం చెబుతారని అడుగుతారు. వకీలు లేచి "చిన్న వయసు, ముసలి తల్లిదండ్రులు, మొదటి నేరం" అని మూడు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. జడ్జి ఆ మూడూ తీర్పులో రాసి, మూడూ సరిపోవని తేలుస్తారు. పైకోర్టుల దాకా ఆ మూడు ముక్కలే వెంటాడతాయి.

అందుకని ఆ రోజు నోటితో వాయిదా అడిగి ఊరుకోకండి. రాతపూర్వకంగా మెమో వేయండి. 2022 మే 20న మనోజ్ కేసులో సుప్రీంకోర్టు అడగమన్నవి అందులో పేరుపేరునా ఉండాలి: ముద్దాయి మానసిక పరీక్ష నివేదిక, ప్రొబేషన్ అధికారి నివేదిక, జైల్లో నడవడిక, చేసిన పని గురించిన నివేదిక. ఇవి వచ్చేదాకా శిక్ష మీద వాదన పెట్టవద్దని కోరండి. జడ్జి ఒప్పుకోకపోయినా మెమో రికార్డులో ఉంటుంది, తర్వాత అదే మీ మొదటి గ్రౌండ్. లీగల్ ఎయిడ్ వకీలుకు కేసు అప్పుడే అంటగట్టి ఉంటే 2019 నాటి అనోఖీలాల్ తీర్పు చూపండి. ఉరి గానీ యావజ్జీవం గానీ పడే అవకాశమున్న కేసులో అమికస్‌కు (కోర్టు నియమించే వకీలుకు) కనీసం 10 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి, తయారీకి కనీసం 7 రోజులు ఇవ్వాలి అన్నది అందులోనే.

తొందర ఎంత పని చేస్తుందో హన్మకొండ పసిపాప కేసు చెబుతుంది. నేరం జరిగి రెండు నెలలు నిండకుండానే 2019 ఆగస్టులో వరంగల్ కోర్టు ఉరి వేసింది. అదే ఏడాది నవంబర్‌లో హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. జనం కోపం న్యాయమైనదే కావచ్చు, శిక్ష మీద వాదనకు దొరికిన సమయం మాత్రం ఎప్పుడూ దానికి బలైపోతుంది.

తీర్పు నకలు 404 కింద ఉచితంగా వెంటనే ఇవ్వాలి. అప్పీలుకు గడువు 30 రోజులే, లిమిటేషన్ చట్టం 115వ ఆర్టికల్. "ఎలాగూ హైకోర్టుకు ఫైలు తనంతట తానే వెళ్తుంది కదా" అని అప్పీలు వేయకుండా వదిలేసినవాళ్లున్నారు. వెళ్లేది శిక్ష ఖరారు కోసం పంపే రిఫరెన్స్ మాత్రమే. మీ గ్రౌండ్లు వెళ్లాలంటే మీ అప్పీలు ఉండాల్సిందే.

మనిషి బతుకును కాగితం మీదికి తేవడం

వకీళ్లు అన్నిటికంటే తక్కువ టైం పెట్టేది ఈ పని మీదే. ఉరిని ఎక్కువగా తప్పించేదీ ఇదే.

మొదట వయసు. జువెనైల్ జస్టిస్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం నేరం నాటికి 18 నిండలేదన్న వాదన ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు, కేసు అంతా ముగిశాక కూడా. 21వ సెక్షన్ ప్రకారం అలాంటివాడికి ఉరి లేదు. రాజస్థాన్‌కు చెందిన ఒక ఖైదీ 28 ఏళ్లకు పైగా జైల్లో గడిపాక, నేరం నాటికి అతని వయసు పన్నెండున్నరేళ్లే అని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి విడుదల చేసింది. అంతకాలం ఎవరికీ తెలియకపోవడానికి ఒక కారణం బడి రిజిస్టర్‌లో పేరు వేరు, కేసులో పేరు వేరు కావడం. మన దగ్గరా అంతే. తండాలో ఒక పేరు, బళ్లో సారు రాసిన పేరు ఒకటి, ఆధార్‌లో మూడోది. ఆధార్‌లో జనవరి 1 అని పుట్టిన తేదీ కనిపిస్తే, అది ఎవరో అంచనాగా కొట్టినదని అనుమానించండి. 94వ సెక్షన్ వరస ఇది: ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ జనన పత్రం, ఈ రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. బడికి స్వయంగా వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఆ పేజీతో పాటు ముందు పేజీ, వెనక పేజీ కూడా సర్టిఫైడ్ నకలు తీసుకోండి. ఒక్క పేజీయే ఇస్తే తర్వాత చేర్చారని ప్రాసిక్యూషన్ అంటుంది.

తర్వాత ఇల్లు. కుటుంబాన్ని ఒక్కసారి కలిసి, ఆఫీసులో కూర్చోబెట్టి రాసుకుంటే ఏమీ రాదు. కనీసం మూడు నాలుగు సార్లు ఊరికి వెళ్లాలి. తల్లిని విడిగా, అక్కచెల్లెళ్లను విడిగా, పక్కింటివాళ్లను విడిగా అడగాలి. "మీవాడికి మానసిక జబ్బుందా" అని అడిగితే "అయ్యో, మావాడు పిచ్చోడు కాదు సారూ" అనే అంటారు. పరువు అడ్డొస్తుంది. అడగాల్సింది ఇలా: చిన్నప్పుడు ఎక్కడైనా పడి తల పగిలిందా? ఫిట్స్ వచ్చేవా? ఎవరైనా గాలి సోకిందన్నారా? ఏ దర్గాకు తీసుకెళ్లారు, ఎన్ని గురువారాలు పడుకోబెట్టారు? తాయెత్తు కట్టింది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబులు ధారగా వస్తాయి. దర్గా పేరు, ఏడాది దొరికితే, ఆ ఏడాది ఏ ఆర్‌ఎంపీ డాక్టర్ సూది వేశాడో, ఏ ఆసుపత్రికి పంపాడో దొరుకుతుంది. ఆసుపత్రి ఓపీ చీటీ దొరికితే అది సాక్ష్యం.

కల్లు గురించి తప్పకుండా అడగండి. మత్తు మందు కలిపిన కల్లు ఏళ్ల తరబడి తాగి, అది ఒక్కసారి ఆగిపోతే వచ్చే వణుకు, మతిభ్రమణం తెలంగాణలో డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. "తాగుబోతు" అన్న మాట ముద్దాయికి వ్యతిరేకంగా పోతుంది. అదే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పాత కేస్‌షీట్‌గా వస్తే వైద్య చరిత్ర అవుతుంది.

బీదరికాన్ని మాటల్లో చెప్పొద్దు, కాగితాల్లో చూపండి. ఉపాధి హామీ జాబ్ కార్డులో పనిదినాలు, రేషన్ కార్డు, పాలమూరు వైపు వాళ్లయితే వలస వెళ్లిన ఊళ్ల వరస, అప్పు నోట్లు, తండ్రి చనిపోయిన ఏడాది, అదే ఏడాది బడి మానేసిన రికార్డు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెడితే పేజీ వాదన అక్కర్లేదు.

జైలు వైపు నుంచి నడవడిక నివేదిక, చేసిన పని, వచ్చిన కూలీ, చదివిన చదువు, శిక్షల రిజిస్టర్ అడగండి. "ప్రవర్తన సంతృప్తికరం" అని ఒక్క వాక్యం పంపితే సరిపోదు, మళ్లీ రాయించండి. మానసిక పరీక్ష ఒక్క ములాఖత్‌లో, వార్డరు పక్కన నిలబడి ఉండగా జరిగితే దాని విలువ సున్నా. ఏకాంతం, చాలినంత సమయం కావాలని కోర్టు నుంచే ఆర్డర్ తీసుకోండి. శిక్ష పడ్డాక వచ్చిన తీవ్ర మానసిక జబ్బు కూడా ఉరిని తప్పించగల కారణమేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఈ పరీక్ష ఒకసారి చేసి వదిలేసేది కాదు.

హైకోర్టులో

మన హైకోర్టులో ఇది ఆర్‌టీ నంబరుతో, అంటే రిఫర్డ్ ట్రయల్‌గా వస్తుంది. మీ క్రిమినల్ అప్పీలు దానితో కలిసి నడుస్తుంది. 407 కింద హైకోర్టు ఖరారు చేసేదాకా ఉరి అమలు కాదు. ఖరారు ఆర్డర్ మీద కనీసం ఇద్దరు జడ్జీల సంతకాలుండాలి. సాక్ష్యమంతా మొదటి నుంచి తూచాల్సిన బాధ్యత బెంచ్‌దే. 408 కింద కొత్త సాక్ష్యం తీసుకోమని అడిగే హక్కు ఇక్కడే ఉంది. పైన చెప్పిన బతుకు కాగితాలన్నీ అఫిడవిట్‌తో వేయాల్సింది ఈ దశలో. సుప్రీంకోర్టుకు దాచుకోవడం తెలివి కాదు.

అనువాదం దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వాంగ్మూలాలు తెలుగులో, కొన్నిసార్లు ఉర్దూలో ఉంటాయి, పేపర్‌బుక్ (కేసు కాగితాలన్నీ కూర్చిన పుస్తకం) ఇంగ్లిష్‌లో పోతుంది. "నీ సంగతి చెప్త బిడ్డా" అని గొడవలో అన్న మాట, అనువాదకుడి చేతిలో "నిన్ను చంపేస్తాను" అయిపోతుంది. ఊళ్లో రోజుకు పదిసార్లు వినిపించే తిట్టు అక్కడ ముందస్తు పథకానికి రుజువుగా మారుతుంది. బెదిరింపు, ఉద్దేశం, ఒప్పుకోలు ఉన్న ప్రతి వాక్యాన్నీ అసలుతో పోల్చి చూసి, తప్పులుంటే దిద్దుబాటు మెమో వేయండి. సుప్రీంకోర్టు బెంచ్‌లో తెలంగాణ యాస తెలిసిన జడ్జి ఉంటారన్న హామీ లేదు.

ఖరారు చేస్తూ తీర్పు చదివిన వెంటనే, అదే హాల్లో, 455(3) కింద సుప్రీంకోర్టుకు వెళ్తున్నామని చెప్పి అమలు వాయిదా ఆర్డర్ అడగండి. వెళ్లే ఉద్దేశం ఉందని నమ్మితే హైకోర్టు వాయిదా వేయాల్సిందేనని ఆ సెక్షన్ చెబుతుంది. ఒక నిమిషం పని, కానీ మరిచిపోతుంటారు. ఖైదీ గర్భిణి అయితే 456 కింద ఉరిని యావజ్జీవంగా మార్చాలి.

సుప్రీంకోర్టులో, క్లుప్తంగా

స్పెషల్ లీవ్‌కు, అంటే అప్పీలు వేయడానికి సుప్రీంకోర్టు అనుమతి కోరే పిటిషన్‌కు, గడువు 60 రోజులు. అప్పీలు పోతే 30 రోజుల్లో రివ్యూ, అంటే తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును అడగడం. 2014 సెప్టెంబర్‌లో మొహమ్మద్ ఆరిఫ్ తీర్పు తర్వాత ఉరి కేసుల్లో రివ్యూను ముగ్గురు జడ్జీలు బహిరంగ కోర్టులో వినాలి. ఆ తర్వాత సీనియర్ అడ్వకేట్ సర్టిఫికెట్‌తో క్యూరేటివ్. ఇంకో దారి కొత్తగా తెరుచుకుంది: మనోజ్ తీర్పులో చెప్పిన పద్ధతి పాటించకుండా ఉరి ఖరారైన కేసుల్లో రాజ్యాంగం 32వ అధికరణం కింద శిక్ష ప్రశ్నను తిరిగి వినవచ్చని 2025 ఆగస్టులో దుపారే కేసులో తేల్చారు. పాత ఖైదీల ఫైళ్లు దించి, శిక్ష మీద ఎంతసేపు విన్నారో, ఏ నివేదికలు లేవో చూడాల్సిన పని హైదరాబాద్‌లో ఇప్పుడు చాలా ఉంది.

క్షమాభిక్ష: అర్జీ ఒకటి, తేదీల పట్టిక ఒకటి

472 కింద, అప్పీలో రివ్యూనో కొట్టేశారని జైలు సూపరింటెండెంట్ ఖైదీకి చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లో గవర్నర్‌కు గానీ రాష్ట్రపతికి గానీ అర్జీ పెట్టాలి. గవర్నర్ తిరస్కరిస్తే 60 రోజుల్లో రాష్ట్రపతికి. సూపరింటెండెంట్ చెప్పిన తేదీని రాతపూర్వకంగా తీసుకోండి, లేకపోతే గడువు ఎప్పుడు మొదలైందన్న గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. క్షమాభిక్షకు రాజ్యాంగం 72, 161 అధికరణాలు ఇచ్చిన అధికారాన్ని మామూలు చట్టం గడువుతో బంధించలేదన్నది మా అభిప్రాయం. అయినా ఆ వాదన మీద ఆధారపడి 31వ రోజు దాకా కూర్చోవడం మూర్ఖత్వం.

అర్జీలో సాక్ష్యాల మీద కోర్టులో ఓడిన వాదన మళ్లీ వల్లించొద్దు. బతుకు, జబ్బు, జైల్లో మార్పు, కుటుంబం, కోర్టు చూడని కాగితాలు పెట్టండి. సూపరింటెండెంట్ ద్వారా పంపుతూనే గవర్నర్ కార్యాలయానికి, సచివాలయంలో హోంశాఖకు, ఢిల్లీలో హోం మంత్రిత్వ శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో నకళ్లు పంపి రశీదులు దాచండి.

అర్జీ వెళ్లిన రోజే ఒక పట్టిక మొదలుపెట్టాలి. ఎడమ నుంచి: ఎక్కడి నుంచి, ఎక్కడికి, పంపిన తేదీ, చేరిన తేదీ, మధ్య రోజులు, ఆలస్యానికి చెప్పిన కారణం, ఆధారం పేజీ. జైలు నుంచి హోంశాఖ, హోంశాఖ నుంచి గవర్నర్ కార్యాలయం, అక్కడి నుంచి ఢిల్లీ, రాష్ట్రం అభిప్రాయం అడిగిన తేదీ, పంపిన తేదీ, రాష్ట్రపతి నిర్ణయం, ఖైదీకి తెలిపిన తేదీ. ఖాళీలను మూడు నెలలకోసారి ఆర్‌టీఐతో నింపండి. మంత్రిమండలి సలహా ఇవ్వరు, ఫైలు కదిలిన తేదీలు ఇస్తారు. మీకు కావాల్సిందీ అవే. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో 15 మంది ఉరి యావజ్జీవంగా మారింది. వాళ్లలో ఎక్కువమందిని కాపాడింది క్షమాభిక్ష ఫైలు ఏళ్ల తరబడి కదలకపోవడమే. ఆలస్యం ఖైదీ వల్ల జరిగింది కాకూడదు, దానికి సరైన వివరణా ఉండకూడదు. కోర్టుల్లో గడిచిన కాలం ఈ లెక్కలోకి రాదు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో 2016 డిసెంబర్‌లో పడ్డ శిక్ష 2025 ఏప్రిల్‌లో హైకోర్టులో ఖరారైంది. ఆ ఎనిమిదేళ్లను పట్టికలో వేసుకుంటే బెంచ్ మొదటి ప్రశ్నకే కూలిపోతారు.

తిరస్కరణతో దారి మూసుకుపోయిందనుకోవద్దు. చిలకలూరిపేట బస్సు కేసులో రాష్ట్రపతి తిరస్కరించి, ఉరి తేదీ కూడా పడ్డాక 1997లో సుప్రీంకోర్టు ఆపింది. 1998లో తర్వాతి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. 472(7) రాష్ట్రపతి నిర్ణయాన్ని కోర్టులు ప్రశ్నించరాదంటుంది. దానికి జవాబు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన 2006 ఈపూరు సుధాకర్ తీర్పు: సంబంధం లేని విషయాలు చూసి ఇచ్చిన క్షమాభిక్ష ఉత్తర్వును కోర్టు పరిశీలించవచ్చు. ఆ కేసులో నష్టపోయింది శిక్ష తగ్గిన మనిషే అన్నది వేరే సంగతి. సూత్రం రెండు వైపులా కోస్తుంది, వాడుకోవడం మన పని.

వారెంట్ వచ్చాక

వారెంట్ (ఉరి తేదీ పెట్టి కోర్టు ఇచ్చే ఉత్తర్వు) చేతికి రాగానే ముందు మూడు తేదీలు చూడండి: తిరస్కరణ ఖైదీకి తెలిపిన తేదీ, వారెంట్ అందిన తేదీ, ఉరి తేదీ. మొదటిదానికీ ఉరికీ మధ్య కనీసం 14 రోజులుండాలని శత్రుఘ్న చౌహాన్ చెబుతుంది. వారెంట్ అందాక 15 పూర్తి రోజులుండాలని 2024 డిసెంబర్‌లో పుణె కాల్‌సెంటర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వారెంట్ జారీలో జరిగిన అకారణ జాప్యం కూడా శిక్ష మార్పుకు కారణమవుతుందన్నది ఆ కేసులోనే. రివ్యూ, క్షమాభిక్ష మిగిలి ఉండగానే వారెంట్ ఇచ్చారా, ఖైదీకి నోటీసు ఇచ్చి విన్నారా, ఉరి రోజు, గంట స్పష్టంగా ఉన్నాయా? 2015 మే 15న అప్పీలు కొట్టేస్తే ఆరు రోజులకే షబ్నమ్ కేసులో వారెంట్ వచ్చింది, 27న సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది.

సహముద్దాయి సంగతి వెంటనే తెలుసుకోండి. హర్బన్స్ సింగ్ కేసులో ముగ్గురిదీ ఒకే నేరం, ఒకే పాత్ర. ఒకరి శిక్షను కోర్టు యావజ్జీవంగా మార్చింది. ఇంకొకరిని 1981 అక్టోబర్ 6న ఉరి తీశారు. మూడో మనిషి రిట్ వేశాడు కాబట్టి బతికాడు. అర్జీలు కలిపి చూడాలని 472లో ఇప్పుడున్న నిబంధన వెనక ఈ చేదు అనుభవం ఉంది.

పగలైతే లంచ్ మోషన్ (ఆ రోజే భోజన విరామం వేళ అత్యవసరంగా వినమని అడగడం), రాత్రయినా సెలవైనా హౌస్ మోషన్. జ్యుడీషియల్ రిజిస్ట్రార్‌కు ముందే ఫోన్ చేసి ఉంచాలి. సంచిలో ఉండాల్సినవి: జైల్లో సంతకం చేయించి సూపరింటెండెంట్ ధ్రువీకరించిన వకాలత్‌నామా (రెండు, ఒకటి ఢిల్లీకి), ప్రమాణం చేయించిన అఫిడవిట్, వారెంట్ నకలు, తిరస్కరణ లేఖ, రెండు పేజీలకు మించని తేదీల పట్టిక, ఆసుపత్రి కాగితాలు. వకాలత్‌నామా లేక ఆగిపోయిన పిటిషన్లే ఎక్కువ. సాయంత్రం ములాఖత్ టైం దాటాక చర్లపల్లి గేటు దగ్గర సంతకం కోసం బతిమాలుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. అవతల ప్రభుత్వ ప్లీడర్‌కు నకలు ఇచ్చి టైం రాయించుకోండి.

ప్రార్థన ఒక్క వాక్యం: ఫలానా తేదీ వారెంట్ అమలును ఈ పిటిషన్ తేలేదాకా నిలిపివేయాలి. స్టే దొరికాక పని అయిపోలేదు. ఆర్డర్ సూపరింటెండెంట్‌కు చేరినట్టు అందుకున్న సంతకం, టైం మీ దగ్గర ఉండాలి. సుప్రీంకోర్టు ఆర్డర్లు 2022 నుంచి ఫాస్టర్ వ్యవస్థలో నేరుగా జైలుకు వెళ్తాయి, అయినా ఒక మనిషిని గేటు దగ్గర ఉంచండి. 2013 ఫిబ్రవరి 9న తీహార్‌లో ఉరి తీసిన ఖైదీ విషయంలో కుటుంబానికి పంపిన స్పీడ్‌పోస్టు ఉత్తరం ఉరి అయ్యాక రెండు రోజులకు చేరింది. స్టే ఎన్నాళ్లకు ఇచ్చారో డైరీలో ఎర్ర ఇంకుతో రాసి, అంతకు మూడు రోజుల ముందు పొడిగింపు పిటిషన్ వేయండి.

ఈ ఊళ్లో ఈ పనికి చరిత్ర ఉంది. ఉరిశిక్ష పడ్డ రైతు విప్లవకారులు కిష్టాగౌడ్, భూమయ్యల కోసం పౌరహక్కుల వకీలు కన్నబిరాన్, తోటి వకీళ్లు చివరిదాకా పోరాడారు. ఉరి వాయిదా పడింది కూడా. ఎమర్జెన్సీ వచ్చాక 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో వాళ్లను ఉరి తీశారు. ఆ జైలు జాగాలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది.

ఒక్క కేసు దాటి

రద్దు రేపే రాదు. 2015లో లా కమిషన్ 262వ నివేదిక ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం తప్ప మిగతా నేరాలకు ఉరి తీసేయమంది, పార్లమెంటు కదల్లేదు. ఉరి అమలు నిలిపివేతకు 2007 నుంచి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో వచ్చిన తీర్మానాలకు మన దేశం వ్యతిరేకంగానే ఓటేసింది. కోర్టుల్లో మాత్రం ముక్కలు ముక్కలుగా మార్పు వచ్చింది: 1983లో మిథు కేసుతో తప్పనిసరి ఉరి సెక్షన్ పోయింది, 2012లో ఆయుధాల చట్టం 27(3) పోయింది.

హైదరాబాద్‌లో కూర్చుని చేయగలిగినవి కొన్ని. క్షమాభిక్ష అర్జీల కోసం హోంశాఖలో ప్రత్యేక సెల్ పెట్టాలని పైన చెప్పిన 2024 పుణె కాల్‌సెంటర్ తీర్పు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. తెలంగాణలో దాని అధికారి ఎవరు, ఎన్ని అర్జీలు ఏ తేదీ నుంచి ఉన్నాయి అని ఆర్‌టీఐ వేయండి, జవాబు సరిగా లేకపోతే అదే పిల్‌కు (ప్రజాప్రయోజన వ్యాజ్యానికి) పునాది. రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థను ఉరి కేసులకు విడి ప్యానెల్, కుటుంబ చరిత్ర సేకరించే సామాజిక కార్యకర్తల జాబితా, వాళ్ల ప్రయాణ ఖర్చు అడగండి. వకీలు ఫీజు ఇచ్చి ఊరికి బస్సు చార్జీ ఇవ్వకపోతే బడి రిజిస్టర్ ఎవరు తెస్తారు? శామీర్‌పేట నల్సార్‌లో ఉరిశిక్ష మీద పనిచేసే స్క్వేర్ సర్కిల్ క్లినిక్ ఉంది, మానసిక పరీక్ష, కుటుంబ పరిశోధన ఎలా చేయాలో అక్కడ అడగండి. హైకోర్టు పరిపాలన విభాగానికి రాసే వినతిలో ఒకే ఒక్క కోరిక పెట్టండి: దోషి అన్న తీర్పుకూ శిక్ష వాదనకూ మధ్య కనీస వ్యవధి ఉండాలని సెషన్స్ కోర్టులకు సర్క్యులర్. పది కోరికలు పెడితే పదీ ఫైల్లోనే ఉంటాయి.